పాత కంప్యూటర్‌కు లినక్స్ వేద్దామనుకుంటున్నారా? తిరుపతి, చిత్తూరు ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు, ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇంటి కంప్యూటర్‌ను విండోస్ నుంచి లినక్స్‌కు మార్చుకుందామని చూసేవాళ్లు అడిగే ప్రశ్నలివి. లినక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్, ఊరికే దొరుకుతుంది. అదంటే నాకు ఇష్టం, వాడమనే చెప్తాను. అయినా అది ప్రతి ఇంటికీ సరిపడదు. ఎవరికి సరిపడదో కూడా ఇక్కడే రాశాను. అది చదివాకే పెన్‌డ్రైవ్ చేతికి తీసుకోండి.

విండోస్ 10 అయిపోయిందంటున్నారు. మా కంప్యూటర్ బాగానే పనిచేస్తోంది. మార్చకపోతే ఏమవుతుంది?

రేపు పొద్దున్నే ఆగిపోదు. విండోస్ 10కు మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ఆపేసింది. ఇళ్లలో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు ఇస్తామంది. ఆ తర్వాత బయటపడే లోపాలు అలాగే ఉండిపోతాయి. బ్యాంకు పని, ఆధార్ కాపీలు, పిల్లల ఫొటోలు అన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉంటాయి కదా. నెట్‌కు కలిపి వాడేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది.

విండోస్ 11కు పోదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండాలి. ఇంటెల్‌లో ఆ జాబితా దాదాపుగా 8వ తరం నుంచే మొదలవుతుంది. అంటే 2017కు ముందు కొన్నవి ఇంచుమించు అన్నీ బయటే. మూడో తరం, నాలుగో తరం ఐ3, ఐ5 కంప్యూటర్లు మన ఇళ్లలో ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటికి ఏ జబ్బూ లేదు. అప్‌డేట్లు ఆగాయన్న ఒక్క కారణానికి వాటిని పాత సామాన్లవాళ్లకు వేసేయడం నాకు మనసొప్పదు.

అసలు లినక్స్ ఎవరిది? ఊరికే ఎందుకిస్తున్నారు?

1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి రాయడం మొదలుపెట్టిన కెర్నల్ పేరు లినక్స్. కెర్నల్ అంటే హార్డ్‌వేర్‌ను నడిపే మూల భాగం. అంతకు ముందే, 1983లో, రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ పేరుతో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పని ప్రకటించారు. ఈ రెండూ కలిశాక, వేలమంది చేతులు పడ్డాక, ఇప్పుడు మనం వాడే రూపం వచ్చింది. దీని సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. లైసెన్సే ఆ హక్కు ఇస్తుంది. సర్వర్లు నడిపే పెద్ద కంపెనీలకు ఇది కావాలి కాబట్టి వాళ్లు జీతాలిచ్చి మరీ దీనిమీద పనిచేయిస్తారు. ఆ పని ఫలం మన ఇంటికీ వస్తుంది. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉన్నదీ లినక్స్ కెర్నలే.

మా ఇంటికి ఇది సరిపోతుందో లేదో ఎట్లా తెలుసుకోవాలి?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. చాలామంది దీన్ని అడక్కుండా ‘ఏ లినక్స్ మంచిది?’ అనే దగ్గర మొదలుపెడతారు.

ఒక తెల్ల కాగితం కంప్యూటర్ పక్కన పెట్టండి. ఓ వారం పాటు ఇంట్లో ఎవరు కూర్చున్నా, లేచేటప్పుడు ఏం పని చేశారో ఒక్క ముక్క రాసి లేవాలి. యూట్యూబ్, కరెంటు బిల్లు, ట్యూషన్ ప్రశ్నపత్రం టైపు చేయడం, ఫోన్‌లోంచి ఫొటోలు దించడం, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్క, ఏదైనా సరే. వారం తర్వాత ఆ పట్టీ ముందేసుకుని ఒక్కోదానికి గుర్తు పెట్టండి. బ్రౌజర్‌లో అయ్యే పని అయితే దాని గురించి దిగులే లేదు, ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ లినక్స్‌లో ఉన్నాయి. వర్డ్, ఎక్సెల్, ఫొటోలు, పాటలు, సినిమాలు, స్కానింగ్ లాంటివైతే బదులు ప్రోగ్రాములున్నాయి, కొద్దిగా అలవాటు పడాలి. ఫలానా విండోస్ ప్రోగ్రామే కావాలన్న పనులకు మాత్రం ఎర్ర గుర్తు పెట్టండి.

ఎర్ర గుర్తు ఒక్కటీ లేకపోతే నిశ్చింతగా మారొచ్చు. ఒకటో రెండో ఉండి, అవి ఏడాదికోసారి వచ్చేవైతే విండోస్‌ను పక్కన ఉంచుకుని మారండి. రోజూ అన్నం పెట్టే పనికే ఎర్ర గుర్తు పడితే, ఆ కంప్యూటర్ జోలికి పోవద్దు.

అంటే ఎవరు మారకూడదు?

ట్యాలీలో లెక్కలు రాసేవాళ్లు మారకూడదు. ట్యాలీప్రైమ్‌కు లినక్స్ కూర్పు లేదు. డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్‌తో టెండర్లు వేసే కాంట్రాక్టర్లు, వేలిముద్ర పరికరం పెట్టుకుని ఆధార్ సేవలు చేసే సెంటర్లవాళ్లు కూడా విండోస్‌లోనే ఉండటం మేలు. ఆ పరికరాల డ్రైవర్లు, వాటిని అడిగే వెబ్‌సైట్లు విండోస్‌ను దృష్టిలో పెట్టుకునే తయారవుతాయి. ఫొటోషాప్‌లో పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోలు, కోరల్‌డ్రాలో ఫ్లెక్సీలు వేసేవాళ్లు, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు కంపోజ్ చేసే డీటీపీవాళ్లదీ ఇదే సంగతి.

‘వైన్ వేస్తే విండోస్ ప్రోగ్రాములు లినక్స్‌లో నడుస్తాయట కదా’ అని అడుగుతారు. కొన్ని నడుస్తాయి. నడిచినవి ఒక అప్‌డేట్‌తో ఆగిపోవచ్చు కూడా. సరదాకు వాడే ప్రోగ్రాముకైతే వైన్ చాలు. సాయంత్రంలోగా గిరాకీకి పని ఇవ్వాల్సినవాళ్లు మాత్రం దాన్ని నమ్ముకోకూడదు.

ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్... ఇన్ని లినక్స్ రకాల్లో ఏది?

మొదటిసారి అయితే లినక్స్ మింట్. ఇంకేదీ వెతకొద్దు.

ఎందుకంటే దాని తీరు విండోస్ 7, 10 వాడిన చేతికి పరాయిగా అనిపించదు. కింద పట్టీ, ఎడమ మూలలో మెనూ, కుడి మూలలో గడియారం. మింట్ 22 వరుస ఉబుంటు 24.04 మీద కట్టింది, దానికి 2029 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. 8 జీబీ ర్యామ్ ఉంటే సినమన్ ఎడిషన్, 4 జీబీ ఉంటే దానికన్నా తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి. ఉబుంటు కూడా మంచిదే, తీరు వేరుగా ఉంటుంది. అది 2004 నుంచి ఉంది. ఒకప్పుడు అడిగినవాళ్లకల్లా సీడీలు పోస్టులో ఊరికే పంపేవాళ్లు, 2011లో ఆపేశారు. మన వైపు చాలామంది ఇంజినీరింగ్ విద్యార్థులు లినక్స్‌ను మొదట చూసింది ఆ సీడీల్లోనే.

మన దేశంలో చేసిన బాస్ లినక్స్ వాడొచ్చు కదా?

వాడొచ్చు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడ్యాక్ డెబియన్ ఆధారంగా చేసింది, భారతీయ భాషలకు తోడ్పాటు ఉంది. కానీ రాత్రి 10 గంటలకు ఏదో చిక్కు వస్తే వెతికి పరిష్కారం తెలుసుకోవడం మింట్, ఉబుంటులకైతే తేలిక. ఆ కారణంగానే కొత్తవాళ్లకు మింటే చెప్తాను.

మాది బాగా పాతది, 2 జీబీ ర్యామే ఉంది. ఏమైనా ఆశ ఉందా?

ఉంది, అయితే హద్దులున్నాయి. మింట్‌వాళ్లు చెప్పే కనీసం 2 జీబీయే. మొదలవుతుంది కూడా. కానీ బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిచేసరికి నీరసపడుతుంది. ల్యుబుంటు, ఆంటీఎక్స్ అనే లినక్స్ రకాలు ఇంకా తేలిక. 32 బిట్ ప్రాసెసర్ అయితే మింట్, ఉబుంటు ఇప్పుడు రావు. ఆంటీఎక్స్ లాంటి కొద్దిమందే ఇంకా దానికి కూర్పులిస్తున్నారు.

ముందు చేయాల్సిన పని మాత్రం వేరే ఉంది. కంప్యూటర్ నెమ్మదిస్తే పాత హార్డ్ డిస్క్ తీసేసి, దానికన్నా ఎంతో వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించండి. వీలైతే ర్యామ్ 8 జీబీ చేయించండి. తెరిచినప్పుడే ఫ్యాన్ దగ్గర పేరుకున్న దుమ్ము ఊదించి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు మార్పించండి. మే నెలలో తిరుపతి ఎండకు, ఆ దుమ్ముకు ప్రాసెసర్ కాగిపోయి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆ తప్పు ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌దీ కాదు. లినక్స్ వేసినా దుమ్ము దుమ్ములాగే ఉంటుంది.

ఇన్‌స్టాల్ చేయకుండా ఒకసారి చూడటం కుదురుతుందా?

కుదురుతుంది. చూడకుండా ఎవరూ ఇన్‌స్టాల్ చేయకూడదు కూడా.

8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే వేరేచోటికి కాపీ చేసుకోండి. మింట్ సొంత వెబ్‌సైట్ నుంచి ఐఎస్‌ఓ ఫైలు దించుకోండి. మింట్ మొత్తం ఆ ఒక్క ఫైలులోనే ఉంటుంది, దాదాపు 3 జీబీ. వేరే సైట్ల నుంచి, టెలిగ్రామ్ గ్రూపుల నుంచి వద్దు. విండోస్‌లోనే రూఫస్ అనే చిన్న ప్రోగ్రాముతో ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. మామూలుగా కాపీ చేసి పేస్ట్ చేస్తే బూట్ అవుతుందన్న (అంటే దాన్నుంచి కంప్యూటర్ మొదలవుతుందన్న) నమ్మకం లేదు.

తర్వాత కంప్యూటర్ ఆపి, పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ కీ నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లకు ఎస్కేప్. ఏసర్‌కూ ఎఫ్12యే గాని కొన్ని మోడళ్లలో ముందు బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి, పోయి దాన్ని ఆన్ చేయాలి. పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే కాసేపటికి మింట్ తెర వస్తుంది. డిస్క్‌లోని విండోస్ తాకకుండా అలాగే ఉంటుంది.

ఆ తెర రాగానే ఇన్‌స్టాల్ గుర్తు మీద నొక్కకండి. వైఫై కలపండి. యూట్యూబ్‌లో ఓ పాట పెట్టి శబ్దం వస్తుందా చూడండి. కెమెరా, బ్లూటూత్, ప్రింటర్, ల్యాప్‌టాప్ మూత మూసి తెరిస్తే మళ్లీ మేలుకుంటుందా, అన్నీ చూడండి. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తోంది కాబట్టి కొంచెం నెమ్మదిగా ఉంటుంది, ఇన్‌స్టాల్ చేశాక అలా ఉండదు. ఇంట్లో మిగతావాళ్లనూ కూర్చోబెట్టండి. రేపు వాడాల్సింది వాళ్లు కూడా.

విండోస్ ఉంచుకునే లినక్స్ వేయొచ్చా?

వేయొచ్చు. ఆన్ చేసినప్పుడు ఏది కావాలో అడుగుతుంది. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు. మూడు జాగ్రత్తలు తప్పనిసరి.

మొదటిది బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని ఫైళ్లకు విండోస్ వేసే తాళం. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ మీకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. బయోస్‌లో ఏదైనా మారిస్తే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందే చూసి కాగితం మీద రాసుకోండి. ఆ కీ లేకపోతే లోపలి ఫైళ్లు ఎవరూ తీయలేరు.

రెండోది ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, డిస్క్‌ను సగం పట్టుకునే ఉంటుంది. లినక్స్‌లోంచి ఆ డ్రైవ్‌లో రాయడానికి వీలుండదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్లలోకి పోయి ఆపేయండి.

మూడోది డిస్క్‌లో చోటు. విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్‌తో డ్రైవ్‌ను కుదించి 100 జీబీ ఖాళీ చేసి ఉంచండి. ఇన్‌స్టాలర్‌లో ‘విండోస్ పక్కన’ అన్నదే ఎంచుకోండి. ‘డిస్క్ మొత్తం చెరిపేయి’ అన్నది ఆ పక్కనే ఉంటుంది, నొక్కే ముందు రెండుసార్లు చదవండి.

రెండూ వేసుకున్నాక విండోస్‌లో టైమ్ తప్పు చూపిస్తోంది. పొద్దున 10 అయితే 4:30 అంటోంది!

కంప్యూటర్ పాడవలేదు. తేడా సరిగ్గా ఐదున్నర గంటలు ఉందా చూడండి. మదర్‌బోర్డు మీది గడియారంలో ఉన్నది మన టైమేనని విండోస్ అనుకుంటుంది. లినక్స్ అందులో అంతర్జాతీయ సమయం పెడుతుంది. మనకూ దానికీ తేడా 5:30 గంటలు, అందుకే 10 కాస్తా 4:30 అయింది. మదర్‌బోర్డు గడియారాన్ని స్థానిక సమయంలోనే ఉంచమని లినక్స్‌కు ఒక్కసారి చెప్తే మళ్లీ రాదు. వేసిచ్చినవాళ్లను అడగండి, ఒక్క ఆదేశం పని.

మా ఫొటోలు, ఫైళ్లు పోతాయా?

బ్యాకప్ తీసుకుంటే పోవు. వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి, చేశాక ఆ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోవద్దు. డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో ఉన్నవి, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు చాలామంది మరిచిపోతారు.

వైఫై రావడం లేదు. డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి!

ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయండి. మింట్‌కు వెంటనే నెట్ వస్తుంది. తర్వాత మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావాల్సింది అదే చూపిస్తుంది. పాత బ్రాడ్‌కామ్ చిప్పులకు, కొన్ని రియల్‌టెక్ చిప్పులకు ఈ తిప్పలు ఎక్కువ. ఇంటెల్ వైఫై అయితే ఈ తిప్పలు దాదాపుగా ఉండవు.

ప్రింటర్ పనిచేస్తుందా?

మోడల్‌ను బట్టి ఉంటుంది.

ఎప్సన్ ఎల్ సిరీస్ ఇంక్‌ట్యాంక్ ప్రింటర్లకు లినక్స్ డ్రైవర్ ఉంది, సాధారణంగా కలపగానే పడతాయి. హెచ్‌పీ ప్రింటర్లకు హెచ్‌పీలిప్ అనే ప్యాకేజీ ఉంది. మన ఇళ్లలో, ఆఫీసుల్లో ఎక్కడ చూసినా కనిపించే లేజర్‌జెట్ 1020కి ఒక ప్రత్యేకత ఉంది. అది ఆన్ చేసిన ప్రతిసారీ తన ఫర్మ్‌వేర్‌ను, అంటే తనను నడిపే ప్రోగ్రామును, కంప్యూటర్ నుంచే తీసుకుంటుంది. హెచ్‌పీలిప్ ప్లగిన్ ఒక్కసారి వేస్తే ఆ సంగతి అదే చూసుకుంటుంది. ప్లగిన్ వేయకపోతే ప్రింటర్ జాబితాలో కనిపిస్తుంది, కాగితం మాత్రం కదలదు.

చిక్కంతా క్యానన్ ఎల్‌బీపీ 2900తోనే. జిరాక్స్ షాపుల్లో, ఇళ్లలో అది చాలా ఉంది, గట్టి ప్రింటర్ కూడా. కాకపోతే అది క్యాప్ట్ అనే క్యానన్ సొంత పద్ధతిలోనే మాట్లాడుతుంది. ఆ కంపెనీ లినక్స్‌కు ఇచ్చిన డ్రైవర్ పాతబడింది. స్వచ్ఛందంగా చేసిన ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఒకటుంది, వేయడానికి అనుభవం ఉన్నవాళ్లు కావాలి. మీ ఇంట్లో ఈ ప్రింటర్ ఉండి రోజూ ప్రింట్లు తీసేవాళ్లైతే డ్యూయల్ బూటే పెట్టుకోండి.

స్కానింగ్‌కు మింట్‌లో డాక్యుమెంట్ స్కానర్ అనే ప్రోగ్రాము ముందే ఉంటుంది. దాన్ని నేర్పాల్సిన అవసరమే రాదు, అంత తేలిక.

తెలుగు కనిపిస్తుందా? తెలుగులో టైపు చేయొచ్చా?

రెండూ బాగా అవుతాయి. ఈ విషయంలో లినక్స్‌వాళ్లు చాలా ముందునుంచే శ్రద్ధ పెట్టారు.

చదవడానికి నోటో తెలుగు, లోహిత్ తెలుగు ఫాంట్లు ఉన్నాయి. పోతన, వేమన ఫాంట్లు కావాలంటే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే అదనపు తెలుగు ఫాంట్ల ప్యాకేజీలో దొరుకుతాయి. మండలి, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు కూడా ఉచితంగా దించుకోవచ్చు. దించిన ఫైలు మీద రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ అంటే చాలు. విండోస్‌లో గౌతమి ఫాంట్‌తో చేసిన ఫైలు తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి గాని ఫాంట్ మారి పేజీలు అటూ ఇటూ జరుగుతాయి.

టైపు చేయడానికి దారులు రెండు. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతికి అలవాటుపడ్డవాళ్లు ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాముతో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుని, అందులో ఆర్‌టీఎస్ అనే పద్ధతి ఎంచుకోవాలి. భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవాళ్లకైతే అదనంగా ఏమీ వేయక్కర్లేదు. కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుంటే చాలు.

రానివాళ్లు కూడా ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమని నా మాట. గుణింతాల గుర్తులు, పొల్లు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. ‘శ్రీ’ కావాలంటే శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. మనం పలకమీద నేర్చుకున్న వరుసే. ఇంగ్లిష్ స్పెల్లింగ్ గురించి ఆలోచించే పనే ఉండదు. ఏ కంప్యూటర్‌కు పోయినా, విండోస్ అయినా లినక్స్ అయినా, కీలు అవే.

మెనూలు కూడా తెలుగులో కావాలంటే భాష మార్చుకోవచ్చు. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ తెలుగులో ఉన్నాయి. మింట్‌లో కొన్నిచోట్ల ఇంగ్లిష్ మిగిలి ఉంటుంది, ఎందుకంటే అనువాదం స్వచ్ఛందంగా చేస్తున్న పని. ఆసక్తి ఉన్నవాళ్లు తలా కొన్ని మాటలు అనువదిస్తే ఆ కొరత తీరుతుంది. మన వైపు తెలుగు ఎంఏ చదివిన పిల్లలు ఇటు రావాలని నాకు ఎంతో కోరిక.

మా దగ్గర అను ఫాంట్లలో చేసిన పాత ఫైళ్లున్నాయి. లినక్స్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి.

ఆ ఫైళ్లలో నిజంగా ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు పెట్టి ఆ ఫాంట్లు చేశారు. ఫాంట్ లేని చోట అడుగున ఉన్న గుర్తులే కనిపిస్తాయి. అదే ముక్క విండోస్ నుంచి కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టినా ఆ గందరగోళమే వస్తుంది.

శుభలేఖ, కరపత్రం లాంటివి చూడటానికీ ప్రింటుకూ చాలంటే డీటీపీవాళ్లను పీడీఎఫ్ ఇమ్మనండి. ఫాంట్ ఆకారాలు అందులోనే ఇమిడి వస్తాయి, ఎక్కడైనా తెరుచుకుంటాయి. దిద్దుకోవాల్సిన రచనలైతే అను నుంచి యూనికోడ్‌కు, అంటే ఎక్కడైనా తెలుగుగానే కనిపించే అక్షరాలకు, మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక వరుస వరుసా చదివి దిద్దండి, వత్తులు, సున్నాలు అక్కడక్కడా జారిపోతాయి. మీ నాన్నగారి కవితలో, తాతగారి హరికథల రాతప్రతో ఇలాంటి ఫైళ్లలో ఉంటే, లినక్స్‌కు మారినా మారకపోయినా ఆ పని ఇప్పుడే చేయండి. ఆ ఫాంట్లు వేసిన కంప్యూటర్ కళ్లముందు ఉండగానే ఇది సులువు.

కాగితం మీదే మిగిలినవైతే, స్కాన్ చేసి టెస్సరాక్ట్ అనే ప్రోగ్రాముతో అక్షరాలుగా మార్చొచ్చు. అది తెలుగు చదవగలదు, ఉచితం. ప్రింటు శుభ్రంగా ఉంటే ఫలితం బాగుంటుంది.

వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు?

లిబ్రేఆఫీస్‌లో తెరుచుకుంటాయి, అదే రూపంలో సేవ్ కూడా అవుతాయి. ఉత్తరాలు, ప్రశ్నపత్రాలు, మామూలు లెక్కలకు ఇబ్బంది ఉండదు. మ్యాక్రోలతో నిండిన ఎక్సెల్ షీట్లు, బొమ్మలూ పట్టికలూ కిక్కిరిసిన ప్రాజెక్టు రిపోర్టులు కొంత చెదురుతాయి. ఎవరికైనా పంపేటప్పుడు పీడీఎఫ్‌గా పంపడం మేలు.

టీటీడీ దర్శనం టికెట్లు, బ్యాంకు, ఇన్‌కమ్ ట్యాక్స్?

అన్నీ బ్రౌజర్ పనులే. బయటి ఊళ్లలోని చుట్టాల కోసం 300 రూపాయల టికెట్లు తీసే బాధ్యత తిరుపతిలో ప్రతి ఇంటికీ ఉంటుంది, అందుకే ఇది తప్పక అడుగుతారు. క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో ఆ సైటు మామూలుగానే పనిచేస్తుంది. ఓటీపీ ఎలాగూ ఫోన్‌కే వస్తుంది. క్యూలో మీ వంతు ముందుకు రావడం మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో లేదు.

పిల్లల చదువుకు?

చిన్నపిల్లలకు ఆటలతో నేర్పే జీకాంప్రి, బొమ్మలు వేసుకునే టక్స్ పెయింట్ వేసివ్వండి. ఆకాశం చూపించాలంటే స్టెల్లేరియం. కేరళ ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఏళ్ల తరబడి ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే నేర్చుకుంటున్నారు.

బీటెక్ చేరినవాళ్లకు ఒక హెచ్చరిక. కొన్ని కాలేజీల్లో సీ భాషను ఇంకా టర్బో సీలో చెప్తున్నారు. లినక్స్‌లో ఉండే సీ కంపైలర్ జీసీసీ. తెర తుడిచే క్లియర్ స్క్రీన్, దానికోసం పైన రాసే కోనియో హెడర్ ఇందులో ఉండవు, ప్రోగ్రాము ఎర్రర్ ఇస్తుంది. పిల్లవాడు తనకు రాలేదని బెంగపడతాడు. ఆ రెండు వరుసలు తీసేస్తే చాలావరకు నడుస్తుంది. ల్యాబ్ పరీక్షకు అదే కావాలంటే పాత డాస్ ప్రోగ్రాములను నడిపే డాస్‌బాక్స్ వేసి టర్బో సీని అందులో నడుపుకోవచ్చు. రేపు ఉద్యోగంలో ఎదురయ్యే సర్వర్లలో ఎక్కువ భాగం లినక్స్‌వే కాబట్టి ఈ అలవాటు వృథా పోదు.

గేములు?

స్టీమ్ అనే గేముల దుకాణంలోని గేములు, విండోస్ గేములను లినక్స్‌లో నడిపే ప్రోటాన్ సాయంతో చాలా నడుస్తాయి. వాలరెంట్ నడవదు. దానిలో మోసాలను పట్టే యాంటీచీట్ ప్రోగ్రాము విండోస్‌నే అడుగుతుంది. మీ అబ్బాయి ఆడేది అదొక్కటే అయితే ముందే చెప్పి ఒప్పించండి, లేదా డ్యూయల్ బూట్.

యాంటీవైరస్ కొనాలా?

అక్కర్లేదు. ఇళ్లలో లినక్స్ మీద పనిచేసే వైరస్‌లు అరుదు. సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచే ప్రోగ్రాములు వేసుకోండి, అప్‌డేట్లు వాయిదా వేయకండి. అయితే కేవైసీ పేరుతో ఫోన్ చేసి ఓటీపీ అడిగే దొంగల నుంచి ఏ ఆపరేటింగ్ సిస్టమూ కాపాడదు.

ఇక్కడే ఇంకో మాట. ఊళ్లో చాలా కంప్యూటర్లలో ఉన్నది క్రాక్ చేసిన విండోస్. వేసినవాళ్లు చెప్పరు, వేయించుకున్నవాళ్లు అడగరు. యాక్టివేషన్ కోసం వాడే ఆ చిన్న ప్రోగ్రాము యాంటీవైరస్‌ను ఆపేయమంటుంది. ఆపేశాక లోపలికి ఏం వచ్చిందో ఎవరికి తెలుస్తుంది? ఉచితంగా, చట్టబద్ధంగా దొరికేది ఒకటి ఉండగా బ్యాంకు ఖాతాను ఆ ప్రమాదంలో పెట్టకండి.

మాటిమాటికీ పాస్‌వర్డ్ అడుగుతోంది, తీసేయొచ్చా?

ఆన్ చేసినప్పుడు అడిగేది తీసేయొచ్చు. ప్రోగ్రాములు వేసేటప్పుడు అడిగేది ఉండనివ్వండి. మీకు తెలియకుండా ఏదీ లోపలికి రాకుండా ఆపేది అదే. ఆ పాస్‌వర్డ్ ఇంట్లో ఇద్దరికైనా తెలిసి ఉండాలి.

నల్ల తెరలో ఆదేశాలు కొట్టక తప్పదా?

మింట్‌లో రోజువారీ పనులకు అవసరం రాదు. ఎప్పుడైనా చిక్కు వచ్చినప్పుడు నెట్‌లో చెప్పిన ఆదేశం ఒకటి టెర్మినల్‌లో పేస్ట్ చేయాల్సి రావచ్చు. అది ఏం చేస్తుందో చదివి తెలుసుకున్నాకే ఎంటర్ కొట్టండి, ముఖ్యంగా ‘సుడో’తో మొదలయ్యేవి, వాటికి సిస్టమ్‌నే మార్చే అధికారం ఉంటుంది.

దానికన్నా ముందు, ఇన్‌స్టాల్ చేసిన రోజే టైమ్‌షిఫ్ట్ ఆన్ చేయండి. సిస్టమ్ ఫైళ్ల నకళ్లను రోజూ గాని వారానికోసారి గాని, మీరు ఎంచుకున్నట్టు తీసి పెడుతుంది. ఏదైనా చెడితే అంతకు ముందటి స్థితికి తీసుకుపోవచ్చు. మీ ఫొటోలను మాత్రం అది దాచదు, వాటి బ్యాకప్ వేరే.

మా ఊళ్లో కరెంటు తరచూ పోతుంది. పాడవుతుందా?

లినక్స్ డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి ఎక్స్‌ట్4. అది చేసే మార్పులను ముందు చిట్టాలో రాసుకుంటుంది, కాబట్టి ఒక్కసారిగా ఆగినా సాధారణంగా తనే సర్దుకుంటుంది. సేవ్ చేయని ఫైలు ఎట్లాగూ పోతుంది. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ పెట్టండి. అప్‌డేట్ నడిచేటప్పుడు కరెంటు పోవడమే అసలు ప్రమాదం.

మా నాయనకు 70 ఏళ్లు. ఆయన వాడగలడా?

ఇలాంటివాళ్లే అందరికన్నా త్వరగా అలవాటుపడతారు. వాళ్లకు కావాల్సినవి నాలుగైదు. ఈనాడో సాక్షో ఈ-పేపర్, భక్తి పాటలు, మనవళ్లతో వీడియో కాల్, ఓ ఉత్తరం టైపు చేయడం. ఆ గుర్తులు డెస్క్‌టాప్ మీద పెద్దవిగా పెట్టండి. అక్షరాల సైజు పెంచండి. మిగతా సెట్టింగులేవీ మార్చకండి, మార్చినా చెప్పకుండా మార్చకండి. వాడుతున్నప్పుడు ‘ఇప్పుడు రీస్టార్ట్ చేస్తున్నా’ అని మింట్ మీదపడదు, అది వాళ్లకు ఎంతో ఊరట.

షాపువాళ్లు లినక్స్ వేయడానికి ఒప్పుకోవడం లేదు. ఎవరిని అడగాలి?

హార్డ్‌వేర్ పనులు, అంటే ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, ఫ్యాన్, ఏ షాపులోనైనా అవుతాయి. ఇన్‌స్టాల్ చేయడానికి మీ వీధిలో ఇంజినీరింగ్ గాని ఎంసీఏ గాని చదివే పిల్లలను అడగండి. ఎస్వీ యూనివర్సిటీ, చుట్టూ ఇన్ని కాలేజీలు ఉన్న ఊరిలో లినక్స్ తెలిసినవాళ్లకు కొరత లేదు. చేయించుకునేటప్పుడు పక్కన కూర్చుని చూడండి. పాస్‌వర్డ్ మీరే పెట్టుకోండి.

నచ్చకపోతే మళ్లీ విండోస్‌కు పోవచ్చా?

పోవచ్చు. దానికి లినక్స్ వేయకముందే కొంచెం సిద్ధపడాలి. మైక్రోసాఫ్ట్ సైటులోని మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ ఒకటి చేసి పెట్టుకోండి, లినక్స్‌లోకి వచ్చాక ఆ టూల్ నడవదు. విండోస్ 8 నుంచి ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన అసలు విండోస్‌కు కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. మళ్లీ వేసి నెట్ కలిపితే సాధారణంగా దానంతటదే యాక్టివేట్ అవుతుంది. వెనక్కి పోయే రోజున మాత్రం లినక్స్‌లో దాచుకున్న ఫైళ్లన్నీ ముందు బయటి డిస్క్‌లోకి తీయండి. ఆ డిస్క్ ఎక్స్‌ఫ్యాట్ గాని ఎన్‌టీఎఫ్‌ఎస్ గాని పద్ధతిలో ఫార్మాట్ చేసినదై ఉండాలి. ఎక్స్‌ట్4 డిస్క్‌ను విండోస్ తనంతట తాను చదవలేదు, ఖాళీ డిస్క్ అనుకుని ఫార్మాట్ చేయమంటావా అని అడుగుతుంది. అప్పుడు వద్దని చెప్పండి.